పెళ్లికి ముందు అయ్యగారి దగ్గర కూర్చుంటున్నాం, మూడో వారం అప్పు సంగతి బయటపడింది

వన్‌టౌన్_అమ్మాయి
శనివారం, రాత్రి 10:50

అందరికీ వందనాలండి. ఇది ఎక్కడ అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

నాకు రెండు నెలల క్రితం ప్రధానం (నిశ్చితార్థం) అయింది. పెళ్లి జనవరిలో. మాది విశాఖపట్నం. నేను మహారాణిపేటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, ఆయనది బొబ్బిలి దగ్గర ఊరు, ఇక్కడ ఆటోనగర్‌లో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. మా సంఘంలో (చర్చిలో) పెళ్లి చేయాలంటే ఆరు శనివారాలు అయ్యగారి (పాస్టర్ గారి) దగ్గర కూర్చోవాలి, అది అయ్యాకే ఆదివారం ఆరాధనలో పెళ్లి ప్రకటనలు చదువుతారు. మొదట ఏవో నాలుగు వాక్యాలు చదివి ప్రార్థన చేసి పంపేస్తారేమో అనుకున్నాను. అలా కాదు. అమ్మగారు (అయ్యగారి భార్య) కూడా పక్కనే కూర్చుంటారు. మొదటి వారం అమ్మానాన్నల్ని విడిచి వేరు కాపురం పెట్టడమంటే ఏమిటి, ఎవరింట్లో ఉంటారు, జీతం ఎవరి చేతికి ఇస్తారు అని అడిగారు. రెండో వారం కోపం గురించి. మీ ఇంట్లో కోపం వస్తే ఏం చేసేవారు, అరిచేవారా, మాట్లాడటం మానేసేవారా అని ఇద్దరినీ అడిగారు. మా ఇంట్లో మాట్లాడటం మానేస్తారు. ఆ సంగతి నాకు ఆరోజే తెలిసినట్టయింది.

ఈరోజు మూడో వారం, డబ్బు. ఇద్దరికీ చెరో తెల్ల కాగితం ఇచ్చి జీతం, ఇంటికి ఇచ్చేది, చర్చికి ఇచ్చే దశమభాగం, చీటీలు, అప్పులు రాయమన్నారు. నాది ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆయన కాగితం వైపు చూశాను. "అప్పులు" అని రాసి ఆగిపోయారు. పెన్ను ఎత్తలేదు, ఆ మాట పక్కన సిరా చుక్క పెద్దదవుతోంది. ఫ్యాన్ గాలికి కాగితం లేస్తుంటే రెండో చేత్తో గట్టిగా అదిమి పట్టుకున్నారు. చాలాసేపటికి 6,40,000 అని రాశారు.

రెండేళ్ల క్రితం వాళ్ల చెల్లి పెళ్లికి చేసిన అప్పట. బ్యాంకు పర్సనల్ లోన్‌లో ఇంకా 3,80,000 ఉంది. పాడేసుకున్న చీటీకి ఇంకా ఇరవై నెలలు, నెలకి 8,000 కట్టాలి. తోటి ఉద్యోగి దగ్గర చేబదులు లక్ష. జీతం 46,000లో 19,500 వీటికే పోతుంది. నాకు ఒక్క ముక్క తెలియదు. ప్రధానం రోజు మా నాన్నగారికి కూడా చెప్పలేదు.

అయ్యగారు కోప్పడలేదు. "ఎప్పుడు చెబుదామనుకున్నావు బాబూ?" అని మాత్రం అడిగారు. పెళ్లయ్యాక అన్నారు ఈయన. అయితే మొదటి ప్రకటన చదివేలోగా నువ్వే వెళ్లి అమ్మాయి నాన్నగారికి చెప్పు, నేను చెప్పను, నువ్వు చెప్పేదాకా ప్రకటన ఆపుతాను అన్నారు.

బస్టాప్ దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. అప్పు కంటే దాచడం నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఇంకోవైపు, మా ఇద్దరి మధ్య తేల్చుకోవాల్సిన విషయానికి అయ్యగారు ప్రకటన ఆపడం సరైనదేనా అని కూడా అనిపిస్తోంది. మీరేమంటారు?

గాజువాక_వదిన
శనివారం, రాత్రి 11:25

చెల్లీ, నువ్వు ఈ రాత్రి ఏడుస్తూ ఉంటావు, కానీ పెళ్లికి ముందు ఏడుస్తున్నావు, అది గుర్తుపెట్టుకో. నాకు పెళ్లై పదకొండేళ్లు. మమ్మల్ని ఎవరూ కూర్చోబెట్టలేదు, ముహూర్తం పెట్టినట్టు డేటు పెట్టేశారు, చర్చిలో అరగంట, బయటికొచ్చి బిర్యానీ. ఏడో నెలలో ఆయన చొక్కాలు ఉతకడానికి తీస్తుంటే జేబులో మడత పెట్టిన తాకట్టు రసీదు దొరికింది. అది నా గొలుసుదే. బీరువాలో ఉందనుకున్నాను, తీసి చూస్తే ఖాళీ డబ్బా. ఆయన చెడ్డ మనిషి కాదు, కోఆపరేటివ్ సొసైటీలో పెళ్లికి ముందు తీసుకున్న అప్పు వాయిదాకి పెట్టాడు, నెలలో విడిపించేద్దామనుకున్నాడు. నాలుగేళ్లు పట్టింది. డబ్బు తీరిపోయింది కానీ ఇప్పటికీ ఆయన చొక్కా జేబు చూడకుండా ఉతకలేను. మీ అయ్యగారు ఆ కాగితం రాయించి మంచి పని చేశారు.

కంచరపాలెం_కుర్రోడు
ఆదివారం, ఉదయం 7:10

నేను ఒప్పుకోను. తాగుడుకి చేశాడా, జూదానికి చేశాడా? చెల్లి పెళ్లికి చేశాడు. మన ఇళ్లల్లో ఏ కొడుకు చేయడు ఆ అప్పు? దానికి దొంగని నిలబెట్టినట్టు కాగితం మీద రాయించడం, ప్రకటన ఆపుతాననడం ఏంటి? ప్రకటన దేనికి, వాళ్లలో ఎవరికైనా ముందే పెళ్లయిందా, వరసలు కుదురుతాయా, ఇలాంటి అభ్యంతరాలకి. బ్యాంకు లోన్‌కి కాదు. పాస్టర్ గారు వాక్యం చెప్పాలి గానీ జీతం స్లిప్పు అడగకూడదు. ఇలా చేస్తే కుర్రాళ్లు నాలుగో వారం నుంచి రావడం మానేసి ఏ ఫంక్షన్ హాల్లోనో ఎవరో ఒకరితో ప్రార్థన చేయించుకుని పెళ్లి చేసేసుకుంటారు.

దొండపర్తి_పెద్దాయన
ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఆరాధన అయ్యి భోంచేసి రాస్తున్నాను. మా సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా వివాహాల రిజిస్టర్ పని చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కంచరపాలెం తమ్ముడు ఒక విషయంలో కరెక్టే. అప్పు వివాహానికి అడ్డంకి కాదు. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. దాని ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్యగానీ భర్తగానీ ఉండకూడదు, వివాహం చేయించే వ్యక్తికి ఆ అధికారం ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. సమయం కూడా మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యే. బీచ్‌లో లైట్ల మధ్య రాత్రి పెళ్లి కావాలని వచ్చే పిల్లలకి ఇదే చెబుతుంటాను. మూడు ఆదివారాల ప్రకటన సంఘ ఆచారం. పూర్వం ఊరు ఊరంతా ఒకే గుడిలో కూర్చునే రోజుల్లో ఎవరికైనా ఏదైనా తెలిస్తే లేచి చెప్పడానికి పెట్టింది. ఇప్పుడు అబ్బాయిది బొబ్బిలి, ఉద్యోగం గాజువాక, అమ్మాయిది వన్‌టౌన్. ఎవరికి ఎవరి గురించి ఏం తెలుసు? అందుకే అయ్యగార్లు ముందే కూర్చోబెడుతున్నారు.

"ఎవరో ఒకరితో ప్రార్థన చేయించుకుని" అన్న మాట మాత్రం ఒప్పుకోను తమ్ముడూ. పెళ్లి చేసే పాస్టర్ గారికి లైసెన్సు ఉందా, రిజిస్టర్ ఉందా అని ముందే అడగాలి. లేనిచోట చేసుకుని ఆ తర్వాత పాస్‌పోర్టుకో పెన్షన్‌కో సర్టిఫికెట్ కావాలని తిరిగేవాళ్లని చూశాను. మన రాష్ట్రంలో 2002 చట్టంతో వివాహ నమోదు తప్పనిసరి కూడా.

ఇక ప్రకటన ఆపడం. అయ్యగారు ఆ అబ్బాయిని నలుగురిలో నిలబెట్టలేదు, ఆయనే వెళ్లి ఎవరికీ చెప్పలేదు, చెప్పే అవకాశం అబ్బాయికే ఇచ్చారు. పేర్లు చదివాక పెళ్లి ఆగితే ఆడపిల్లకి ఎంత మాట వస్తుందో మీకు తెలుసు. మా సంఘంలో ఒకసారి రెండో ప్రకటన అయ్యాక ఆగింది. ఆ అమ్మాయి ఏడాదిపాటు గుడికి రాలేదు.

జ్ఞానాపురం_చెల్లి
ఆదివారం, సాయంత్రం 4:15

మేము ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మాకు వివాహ సిద్ధపాటు తరగతులు ఉంటాయి, కొన్ని జంటల్ని కలిపి కూర్చోబెడతారు. ఒక రోజు డాక్టరమ్మ వస్తారు, ఒక రోజు పెళ్లై చాలాకాలమైన దంపతులు వచ్చి మాట్లాడతారు. కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. ఫాదర్ గారు ఇద్దరినీ విడివిడిగా పిలిచి ప్రశ్నలడుగుతారు. నువ్వు నీ ఇష్టంతోనే చేసుకుంటున్నావా, ఎవరైనా బలవంతం చేస్తున్నారా, అవతలి మనిషి నీ దగ్గర ఏమైనా దాచాడని అనుమానం ఉందా అని. నా ఇష్టంతోనే చేసుకుంటున్నాను, ప్రేమ వివాహం మరి, అయినా ఆ ప్రశ్న వినగానే ఏడుపొచ్చేసింది. అప్పటిదాకా చీర రంగు అడిగారు, మెనూ అడిగారు, ఇష్టమా అని ఒక్కరూ అడగలేదు. మా ఆయనది సీఎస్‌ఐ (ప్రొటెస్టెంట్ సంఘం) కాబట్టి బిషప్ గారి అనుమతి కూడా తీసుకోవాల్సి వచ్చింది. బాప్తిస్మ పత్రం కొత్తగా తీసిందే కావాలి, ఆరు నెలల లోపుది. పాతది లామినేషన్ చేయించి దాచుకున్నది చెల్లదు, ముందే చూసుకోండి.

వన్‌టౌన్ అక్కా, నిన్ను విడిగా పిలిచి అడిగారా?

వన్‌టౌన్_అమ్మాయి
ఆదివారం, రాత్రి 9:30

అడిగారు చెల్లీ. ఈరోజు ఆరాధన అయ్యాక అమ్మగారు వంటగది వైపు పిలిచి, ఆపేయాలనిపిస్తే ఇప్పుడే చెప్పు, మేం మీ నాన్నగారితో మాట్లాడతాం, నీ మీద మాట రానివ్వం అన్నారు. ఆపేయాలని లేదు, కానీ కోపంగా ఉంది అన్నాను. కోపంగా ఉండు, పర్వాలేదు అన్నారు.

ఇంకొక విషయం నిన్న రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. ఆయనతో ఈరోజు ఫోన్‌లో మాట్లాడాను. పెళ్లయ్యాక ఎలా తీర్చేద్దామనుకున్నారు అని అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మీ నాన్నగారు ఇస్తామన్న దాంట్లోంచి" అన్నారు. నాన్న పోర్టులో రిటైరయ్యారు, వచ్చిన దాంట్లోంచి 5 లక్షలు అల్లుడికి ఇద్దామని మాటల్లో అన్నారు. వాళ్లమ్మగారు మీ ఇష్టం అన్నారు తప్ప అడగలేదు. అంటే వాళ్ల చెల్లి పెళ్లికి చేసిన అప్పు నా పెళ్లి డబ్బుతో తీరుతుందన్నమాట. ఆ చెల్లికి ఇచ్చిన కట్నానికే కదా ఆ అప్పు అయింది. ఇది ఆలోచిస్తుంటే నిద్ర పట్టడం లేదు.

కంచరపాలెం_కుర్రోడు
ఆదివారం, రాత్రి 10:05

అక్కా, ఉదయం నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. అప్పు తప్పు కాదు అనే మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ మీరు చెప్పిన ఈ రెండో సంగతి నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే లెక్క. చెల్లి పెళ్లికి నేను తెచ్చిన మూడు లక్షల అప్పు ఉంది. అమ్మ ఎప్పుడూ "నీకు వచ్చేదాంతో తీరిపోతుందిలే" అంటుంది. ఆ మాట వింటూ పెరిగాం, అందులో ఇంకొక ఇంటి నాన్న కష్టం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. నాకూ సంబంధాలు చూస్తున్నారు. మీ ఆయన వెళ్లి చెబితే ఎలా మొదలుపెట్టాడో, మీ నాన్నగారు ఏమన్నారో దయచేసి ఇక్కడ రాయండి. నిజంగా అడుగుతున్నాను.

సీతమ్మధార_బ్యాంకు
సోమవారం, ఉదయం 6:45

ఆఫీసుకి వెళ్లే ముందు నాలుగు ముక్కలు. అమ్మాయిగారూ, ఆయన పేరు మీద ఉన్న పర్సనల్ లోన్‌కి మీరు బాధ్యులు కారు, మీరు సంతకం పెడితే తప్ప. కాబట్టి పెళ్లయ్యాక టాప్‌అప్ (పాత లోన్ మీద అదనపు అప్పు) కోసమో బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (లోన్ వేరే బ్యాంకుకి మార్చడం) కోసమో మిమ్మల్ని జామీనుగానో కో-అప్లికెంట్‌గానో పెట్టమంటే ఆలోచించకుండా సంతకం చేయకండి. రెండోది, క్రెడిట్ రిపోర్టు, అంటే మన పేరు మీదున్న లోన్లు, అవి కట్టిన తీరు చెప్పే పత్రం. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఇద్దరూ మీ మీ రిపోర్టులు తీసుకుని పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆయన ఒక్కడిదే అడిగితే అవమానంగా ఉంటుంది, ఇద్దరివీ అయితే ఉండదు. చేబదులూ చీటీలూ అందులో కనబడవు, అవి నోటితో చెప్పాల్సిందే.

తీర్చే వరస: ముందు చేబదులు లక్ష. వడ్డీ లేకపోయినా అదే, ఎందుకంటే ఆ మనిషి రోజూ ఎదురుపడతాడు. పాడేసిన చీటీ ఎలాగూ ఆపకూడదు, ఆపితే జామీను పెట్టినవాళ్ల మీదికి పోతుంది. బ్యాంకు లోన్ ముందే మూసేస్తే ఛార్జీ ఎంత పడుతుందో లోన్ పత్రంలో ఉంటుంది, చూశాకే నిర్ణయించుకోండి. ఆయన జీతంలో ఇది మోయలేని బరువు కాదు. మూడున్నరేళ్లలో అంతా అయిపోతుంది.

దొండపర్తి_పెద్దాయన
సోమవారం, ఉదయం 8:20

అమ్మా, 5 లక్షల సంగతి. వరకట్న నిషేధ చట్టం 1961 ప్రకారం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే, కనీసం అయిదేళ్ల జైలు. మన సంఘాల్లో లాంఛనం అని పేరు మార్చి ఇస్తున్నాం, అయ్యగార్లకీ తెలుసు, పెద్దలకీ తెలుసు, మూడు ప్రకటనలు చదివినప్పుడు దాని గురించి ఎవరూ లేచి నిలబడరు. నేనూ నిలబడలేదు. మా పెద్దమ్మాయికి ఇచ్చాను, చిన్నమ్మాయికి ఇవ్వలేదు. చిన్నమ్మాయికి ఇవ్వకుండా ఉండగలిగానంటే ఆ అల్లుడు ప్రధానానికి ముందే వచ్చి వద్దన్నాడు కాబట్టి. ఎవరూ అడగకుండా నాన్నగారు కూతురికి ఏమైనా పెట్టుకుంటే దానికి జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి ఉంచాలి, 1985 నాటి నియమాల్లో ఉంది. అబ్బాయి అప్పు తీర్చడానికి ఇచ్చేది ఆ లెక్కలోకి రాదు.

మద్దిలపాలెం_అమ్మ
సోమవారం, మధ్యాహ్నం 1:30

మేం క్రైస్తవులం కాదు, మా అమ్మాయి నిశ్చితార్థం అయింది కాబట్టి ఇదంతా వదలకుండా చదివాను. మా పంతులుగారు చాలా మంచివారు, గోత్రం, నక్షత్రం, వధూవరుల జాతకాలు అన్నీ చూశారు, పదహారు రకాల సామాను లిస్టు రాసిచ్చారు, కానీ అబ్బాయికీ అమ్మాయికీ ఎదురెదురుగా కుర్చీలు వేసి జీతమెంత అప్పెంత కోపమొస్తే ఏం చేస్తారు అని అడిగే పద్ధతి మాకు లేదు. మా పెళ్లప్పుడు మధ్యవర్తి ఆ పని చేసేవాడు, ఇప్పుడు మ్యాట్రిమొనీ సైటు. ఆ ఆరు వారాల్లో ఏమేం అడుగుతారో ఎవరైనా రాయగలరా? నేనే కూర్చోబెడితే అమ్మాయి వింటుందో లేదో గానీ ప్రయత్నం చేస్తాను.

భీమిలి_రోడ్డు_అమ్మగారు
సోమవారం, రాత్రి 8:50

వందనాలమ్మా. మా ఆయన పాస్టర్. జంటల్ని కూర్చోబెట్టేటప్పుడు నేనూ ఉంటాను. మద్దిలపాలెం అమ్మ అడిగారు కాబట్టి మేం అడిగేవి చెబుతాను. ఎవరింట్లో ఉంటారు, వంట ఎవరు, అత్తగారితో మాట పడితే భర్త ఏం చేస్తాడు, అమ్మాయి జీతం ఎవరిది, పుట్టింటికి పంపొచ్చా, పిల్లలు ఎప్పుడు, పుట్టకపోతే ఏం చేస్తారు, తాగుడు ఉందా, ఇంతకు ముందు ఎవరితోనైనా మాట ఉందా, జబ్బులేమైనా ఉన్నాయా. రక్త పరీక్షలు ఇద్దరినీ చేయించుకోమంటాం. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రి కౌన్సెలింగ్ కేంద్రంలో ఉచితం, ఫలితం బయటికి చెప్పరు. తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) పరీక్ష కూడా చేయించుకోవాలి. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకుండా దాన్ని మోసేవాళ్లయితే, పిల్లలకి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది, పైకి ఎవరికీ తెలియదు.

అడిగే ప్రశ్న కంటే ఎవరు మాట్లాడటం లేదు అనేది చూడాలి. ఒకసారి ఒక అమ్మాయి మూడు వారాలు అన్నిటికీ "ఆయన ఎలా అంటే అలా" అంది. నేను ఆమె చేతుల వైపు చూస్తున్నాను, చున్నీ అంచు దారాలు ఒక్కొక్కటే లాగేస్తోంది, ఒడి నిండా దారాలు. విడిగా తీసుకెళ్లి అడిగితే ప్రధానం అయిన నెలకే అబ్బాయి చెయ్యి చేసుకున్నాడని చెప్పింది. ఆ పెళ్లి జరగలేదు. సర్దుకుపో తల్లీ, ప్రార్థన చెయ్యి మారతాడు అని చెప్పే దైవసేవకులు (పాస్టర్లు) మనలో చాలామంది ఉన్నారు, ఈ మాట బాధతో రాస్తున్నాను. అలాంటిచోట అయ్యగారి మాట కోసం ఆగొద్దు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

వన్‌టౌన్ తల్లీ, మీ అబ్బాయి 6,40,000 రాశాడు. రాయకుండా లేచి వెళ్లిపోయినవాళ్లనీ, సున్నా అని రాసినవాళ్లనీ చూశాను.

వన్‌టౌన్_అమ్మాయి
తర్వాతి ఆదివారం, రాత్రి 10:20

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. కంచరపాలెం తమ్ముడు అడిగాడు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి ఆయన ఒక్కరే వచ్చారు. వాళ్లమ్మగారిని తీసుకురాలేదు. నాన్న వరండాలో ఉన్నారు. మా వీధిలో రోజుకి రెండుసార్లు ఊడ్చినా పోర్టు బొగ్గు ధూళి గచ్చు మీద నల్లగా పడుతుంది, కుర్చీ తుడిచి కూర్చోమన్నారు. ఈయన కూర్చోలేదు. జేబులోంచి అదే కాగితం తీశారు, అయ్యగారి దగ్గర రాసిందే, సిరా చుక్క కూడా అలాగే ఉంది. "మావయ్యా, ప్రధానానికి ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే" అని నాన్న చేతికిచ్చారు. అంతే, ఇంకేం చెప్పలేదు. చెల్లి గురించి కూడా నాన్న అడిగాకే చెప్పారు.

నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మొదట అడిగింది వడ్డీ ఎంత అని. తర్వాత, మేమిచ్చే దాంతో తీర్చుకుందామనుకున్నావా అని సూటిగా అడిగారు. అవును అన్నారు ఈయన. లోపల గ్యాస్ ముందు నిలబడి అమ్మా నేనూ వింటున్నాం. టీ పొంగిపోయింది, అమ్మ స్టవ్ ఆర్పలేదు, నేనే ఆర్పాను. "అది వద్దు మావయ్యా, నేనే తీర్చుకుంటాను, మూడున్నరేళ్లు పడుతుంది, అమ్మాయికి ఇష్టమైతేనే పెళ్లి" అన్నారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చెప్పాను కదా, మా ఇంట్లో కోపమొస్తే మాట్లాడరు. చివరికి, భోంచేసి వెళ్లు అన్నారు.

ఆయన భోంచేశారు. అమ్మ వడ్డించింది కానీ ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. నాకూ పూర్తిగా పోలేదు, మధ్యమధ్యలో గుర్తొచ్చి ఫోన్‌లో విసుక్కుంటున్నాను, ఆయన ఊరుకుంటున్నారు. నాన్న ఆ 5 లక్షలు నా పేరు మీద డిపాజిట్ చేస్తానన్నారు. రిసెప్షన్ హాలు వద్దనుకున్నాం, దానికి ఇచ్చిన అడ్వాన్స్‌లో కొంత పోయింది, పోతే పోనీ, చర్చి కాంపౌండ్‌లోనే షామియానా వేసి భోజనాలు. గాజులు మాత్రం కురుపాం మార్కెట్‌లో ముందే ఆర్డరిచ్చేశాం కాబట్టి అవి ఉంటాయి.

నిన్న నాలుగో వారం కూర్చున్నాం, అత్తగారిల్లు గురించి. దాని మీద వేరే రాయాలి, చాలా ఉంది. ఆరు వారాలూ అయ్యాక వచ్చే ఆదివారం మొదటి ప్రకటన చదువుతామన్నారు అయ్యగారు. పెద్దాయన గారూ, ఒక్క డౌటు. ఆయన బాప్తిస్మ పత్రం హుద్‌హుద్ తుపానులో రేకులు లేచిపోయి ఇల్లంతా తడిసినప్పుడు పోయిందట. బాప్తిస్మం బొబ్బిలి దగ్గర వాళ్ల ఊళ్లో తీసుకున్నారు. ఇప్పుడేం చేయాలి?

దొండపర్తి_పెద్దాయన
తర్వాతి ఆదివారం, రాత్రి 10:55

2014 అక్టోబరులో మా సంఘం బీరువాలోకి కూడా నీళ్లొచ్చాయమ్మా, రిజిస్టర్లు వారం రోజులు ఎండలో పేజీ పేజీ తిప్పి ఆరబెట్టాం. ఆ ఊరి సంఘంలో రిజిస్టర్ ఉంటుంది, అక్కడి అయ్యగారికి బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం, తల్లిదండ్రుల పేర్లు చెబితే నకలు రాసి ముద్ర వేసి ఇస్తారు. ఫోన్‌లో అడిగితే ఆలస్యమవుతుంది, అబ్బాయిని పొద్దున్న రైలుకి వెళ్లి తెచ్చుకోమను. ఇంటిపేరు ఆధార్‌లో ఎలా ఉందో ప్రకటన కాగితంలో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి, రిజిస్టర్‌లోకి అదే ఎక్కుతుంది. సాక్షుల్లో ఒకరిగా మీ నాన్నగారి తరఫు వాళ్లని, ఒకరిగా అబ్బాయి తరఫు వాళ్లని ఇప్పుడే అనుకుని ఉంచండి, ఆ రోజు వెతుక్కోవద్దు.